బురదనీటి పగడాల లెక్క

మునక 1,204
లోతు తొమ్మిది మీటర్లు. నీటి వేడి 32.6. చూపు ఏడు మీటర్లు.

పదిహేడో చోట బతికున్న పగడం నా అరచేయంత. పద్దెనిమిదో చోట అదీ లేదు. తెల్లబడి, ఆ తెలుపు మీద నాచు పట్టి, ఆ నాచు మీద వండుమట్టి పేరుకుని నేలంతా పాత సున్నపుగోడ కూలినట్టుంది. నా పక్కనే గుమాస్తా చేప ఈదుతూ అదే లెక్క రాసుకుంది. ఆ యంత్రానికి అసలు పేరు ఏదో పెద్దది ఉంది గానీ ముత్యాలవలసలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పదిహేను రోజులకోసారి వచ్చి, నలభై ఎనిమిది చోట్ల ఆగి, తలెత్తకుండా రాసుకుని వెళ్లిపోతుంది కాబట్టి గుమాస్తా. ఆ మాటకొస్తే నేనూ అంతే. నాకు ఊపిరి కావాలి, అదొక్కటే తేడా.

గుమాస్తాలు తేల్చిన లెక్కను ఏడాదికోసారి ఒక మనిషి దిగి, కళ్లారా చూసి, సంతకం పెట్టాలి. చట్టంలో 'కళ్లారా' అన్న మాటే ఉంది. పదిహేనేళ్లుగా ఆ కళ్లు నావి. నిరుడు బతికున్న పగడం నూటికి ఏడు. ఈసారి నాలుగు దాటేలా లేదు. వరసగా రెండేళ్లు ఎనిమిదికంటే తగ్గితే ముత్యాలవలస పగడాల నేలకు రక్షణ ఎత్తేస్తారు. ఎత్తేసిన మర్నాడు గొట్టం పడుతుంది. నగరానికి సముద్రపు నీటిని మంచినీళ్లు చేశాక మిగిలే వేడి ఉప్పునీళ్లన్నీ ఇక్కడే కక్కుతుంది.

సంతకానికి ఇరవై రెండు రోజులుంది.

పైకి తేలేసరికి పైడితల్లి పడవ అంచు మీద కూర్చుని నా గాలిసిలిండరు అందుకుంది. ఆవిడకు అరవై దగ్గర. పడవ ఆవిడదే. ఇక్కడ అక్కను అప్ప అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ మాత్రం ఇన్నేళ్లయినా నన్ను మేడమ్మ అనే అంటుంది.

"ఉన్నాయేటి?"

"తక్కువ అప్పా."

"తక్కువంటే?"

"నాలుగు."

"నాలుగు పువ్వులా?"

"నూటికి నాలుగు."

ఆవిడ సిలిండరు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "మరి సేపలేటి తింతన్నాయి మేడమ్మా, గాలా?"

మునక లేదు

ఉదయం వారిజ ఫోనులో మాట్లాడింది. నా చెల్లెలు. నగరంలో ఎనిమిదో అంతస్తు, మనిషి మోసిన రెండు బిందెల మీద నలుగురి రోజు గడవాలి. గొట్టం పడితే అయిదు బిందెలు ఇస్తారని వాళ్ల వాడలో చెప్పుకుంటున్నారట.

"సంతకం అయిందా అక్కా?"

"ఇంకా లేదు."

"చచ్చినవాటికి నాడి చూస్తూ కూర్చుంటావేం? నీ పగడాల్ని తాగి బతకలేం కదా."

నిజమే కదా అనిపించింది. వారిజ చిన్న పిల్లకు ఒంటినిండా చెమటకాయలు. స్నానం వారానికి ఒకసారి.

ఆ ఆలోచనతోనే కత్తిపీట ముందు కూర్చున్నాను. నిన్న పైడితల్లి ఇచ్చిన చిలక చేప. పొలుసు తీసి, పొట్ట చీరితే తెల్లటి ఇసుక జారింది. ఎప్పుడూ ఉండేదే. చిలక చేప రాయి కొరికి ఇసుక విసర్జిస్తుంది. చచ్చిన పగడాన్నీ కొరుకుతుంది కాబట్టి ఆ ఇసుక దేనికీ రుజువు కాదు. అలా అని నాకు నేను చెప్పుకుంటూనే గొంతు భాగం కోశాను. పళ్ల వెనక, మింగడానికి ముందు ఆగిపోయిన ముద్ద ఒకటి ఉంది. గోధుమరంగు జిగురు.

పులుసు పొయ్యి మీదికి ఎక్కలేదు. ముద్దను గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. గుండ్రటి నాచు కణాలు, ఒకదానినొకటి ఒరుసుకుంటూ, నిండుగా. బతికున్న పగడం ఒంట్లో తప్ప ఇంత గుంపుగా ఉండవు.

ఏదో ఒకచోట ఈ చేప నిన్న ఉదయం బతికున్న పగడాన్ని కొరికింది. నలభై ఎనిమిది చోట్లలో కాదు. అక్కడ కొరకడానికి ఏమీ లేదు.

మునక లేదు

అడిగాను. ఒడ్డున, వలలు ఆరబెట్టే బల్లల దగ్గర.

"ఎక్కడ పట్టావు అప్పా?"

పైడితల్లి వల ముడి విప్పుతూ తల ఎత్తలేదు. "ఒడ్డున సెప్పిన బండ ఎండిపోద్ది."

ఈ మాట నాకు కొత్త కాదు. ఇక్కడివాళ్లకు సముద్రంలో చేపలు చేరే బండలు ఆస్తి. అత్త కోడలికి ఇస్తుంది. అదీ కాగితం మీద కాదు, నేల మీదా కాదు. పడవలో, సరిగ్గా ఆ చోట నిలబడి, చుట్టూ గట్టున కనిపించే గుర్తులు చూపించి చెప్పాలి. గట్టు మీద ఎంత ప్రాణస్నేహితులైనా బండ ఏ చోటుందో చెప్పుకోరు.

నాకు ఆ కట్టుబాటు తెలిసి కూడా పన్నెండేళ్ల కిందట ఒక పని చేశాను. జంటబండల దగ్గర గొప్ప పగడాల తోట చూశాను. పైడితల్లే చూపించింది, అది ఆవిడ అత్తగారి బండ. నేను పటం గీసి, అక్షాంశాలు రేఖాంశాలు మీటరు తేడా లేకుండా వేసి ప్రచురించాను. అంకెలు లేనిది శాస్త్రం కాదని నాకు నేర్పారు. రక్షణ కోసమే వేశాననుకున్నాను. ఏడాది తిరగకుండా విత్తన పగడాల దొంగలు ఉలులతో దిగారు. విలాస ద్వీపాల చుట్టూ నాటుకోవడానికి ముక్కలు ముక్కలుగా చెక్కుకుపోయారు. నేను వేసిన అంకెల మీదికే, సూటిగా.

ఊళ్లో ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక ఏడాది పాటు ఎవరి పడవలోనూ నాకు చోటు లేకపోయింది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈసారి అంకెలు వెయ్యను," అన్నాను.

పైడితల్లి వల మడిచి భుజాన వేసుకుంది. "రేపు కడియం తీసీసి రా."

మునక 1,205
లోతు రాయను. వేడి 30.1. చూపు ఒక మీటరు, అదీ కష్టంగా.

పెద్ద తుఫానుల తరవాత ప్రతి మనిషి చేతికీ కడియం తప్పనిసరి. ఎవరు ఎక్కడున్నారో అది చెబుతూ ఉంటుంది. మునిగిపోయేవాళ్లను వెతకడానికి పెట్టారు, అందులో అబద్ధం లేదు. మా పాత వీధిలో ముగ్గురిని అదే బతికించింది. దాన్ని తీయడం నేరం.

పైడితల్లి దొడ్లో నాలుగు మేకలున్నాయి. ఒకదాని మెడకు నా కడియం, ఇంకోదానికి తనది కట్టి కొండ మీదికి అదిలించింది. రికార్డు ప్రకారం ఈరోజు నేను నాలుగు గంటలు కొండ మీద తిరిగి, ఒకచోట చాలాసేపు ఆగి గడ్డి మేశాను.

పడవ గట్టు వదిలాక ఆవిడ నోరు తెరిచింది. ఒడ్డున పొడిపొడిగా మాట్లాడే మనిషి, నీళ్ల మీద వేరే మనిషి.

"అటు సూడు. ముసలమ్మ నడుం మీదకి అల్లుడి గొడుగు రావాల. వచ్చిందా? ఇంకా నేదు. ఇప్పుడిటు సూడు. గుడ్డోడి కన్ను తెరుసుకోవాల. రెండూ ఒక్కపాలి అయినకాడ ఆగు. ముందు కాదు, ఎనక కాదు."

ముసలమ్మ నడుం ఏ కొండ వంపో, అల్లుడి గొడుగు ఏ కట్టడమో, గుడ్డివాడి కన్ను ఏ సందో ఇక్కడ రాయను. పాత గుర్తులు సగం సముద్రంలో కలిసిపోతే ఈ ఆడవాళ్లు కొత్తవి పెట్టుకున్నారని మాత్రం రాస్తాను.

దిగిన చోటు చూసి నాకు నవ్వొచ్చింది. వదిలేసిన రేవు. ఈ తీరంలో మునిగిన రేవులు పదకొండు, వాటిలో ఒకటి. అలల్ని ఆపడానికి అప్పట్లో గుట్టలుగా పడేసిన నాలుగుకాళ్ల కాంక్రీటు దిమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దగ్గర్లో ఏరు కలుస్తుంది. నీళ్లు టీ రంగులో ఉంటాయి. గుమాస్తాలను ఇటు పంపరు, ఏమీ కనబడదని. నేనూ ఎప్పుడూ రాలేదు, ఏమీ ఉండదని. బురదనీటిలో వెలుతురు చాలక పగడం చస్తుందని నా థీసిస్. మూడు వందల పేజీలు రాశాను.

దిమ్మకు ముఖం ఆనించి దీపం వేశాను. గోధుమ, ఆకుపచ్చ, ఒకచోట వంకాయరంగు. పొక్కుల్లా, పెంకుల్లా, దిమ్మ కాళ్లను చుట్టుకుని పైకి పాకుతున్నాయి. ఒకదాని అంచు ఇంకోదాన్ని తోసేస్తోంది. చోటు కోసం దెబ్బలాడుకుంటున్నాయి. పదిహేనేళ్లలో పగడాలు దెబ్బలాడుకోవడం చూడలేదు. నా నలభై ఎనిమిది చోట్ల అంత ఓపిక ఎవరికీ మిగల్లేదు.

బురద వాటిని చంపలేదు. గొడుగు పట్టింది. పైన ఎండ మాడ్చేస్తుంటే ఈ మురికినీళ్లే నీడయ్యాయి. స్పష్టంగా, నీలంగా, ఫోటోలకు బాగుండే నీళ్లలో ఉన్నవన్నీ పోయాయి.

పైకి తేలాను.

"నా పుస్తకం తప్పు అప్పా."

"ఎంత పెద్దదేటి?"

"మూడు వందల పేజీలు."

"పోనీసి. పొయ్యిలోకి పనికొస్తాది."

మునక లేదు

చిక్కు ఇప్పుడు మొదలైంది. ఈ చోటును లెక్కలోకి ఎక్కిస్తే పగడాల నేల నిలుస్తుంది. ఎక్కించాలంటే చోటు చెప్పాలి. చెబితే దొంగలు వస్తారు. చెప్పకపోతే గొట్టం వస్తుంది.

సాయంత్రం ఊరి చావడిలో కూర్చున్నాం. పైడితల్లి మరిది అప్పలకొండ కులపెద్ద. నా వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"ఓపాలి అంకెలేసి జంటబండల్ని సంపీసినావు. ఇప్పుడు దీన్ని గూడానా? మా నోరు మేం మూసుకుంతాం. బండ బతుకుద్ది."

"గొట్టం పడితే బతకదు," అన్నాను. "నాలుగు నెలలు నీటి లాగుడు ఇక్కణ్ణించి అటే. వేడి ఉప్పునీళ్లు తిన్నగా దిమ్మల మీదికే పోతాయి."

"అది నువ్వు సెప్పే మాట."

"నాను సెప్తన్నాను," అంది పైడితల్లి. "కార్తీకంలో వల ఏటేపు కొట్టుకెల్తాదో నీకు తెల్దా మరిదీ? నువ్వు మరిసిపోతే నీ ఎముకలు మరిసిపోవు."

అప్పలకొండ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే మేడమ్మ ఏటేస్తాది కాయితంలో? అంకెలేకపోతే సర్కారోళ్లకి అరుగుద్దా?"

"మీ మాటలే వేస్తాను. పడవలో ఎలా చెప్పుకుంటారో అలాగే."

వెనకాల ఆడవాళ్లలో నవ్వు పుట్టింది. ఎవరో అన్నారు: "ముసలమ్మ నడుం సర్కారు కాయితం ఎక్కుద్దటే."

"ఎక్కితే ఎక్కనీయండి," అన్నాడు అప్పలకొండ. "మన నడుములకి ఎలాగూ పింఛను రాలేదు."

ఒప్పుకున్నట్టే. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా నమ్మకం కుదరలేదు. పన్నెండేళ్ల కిందట కూడా నేను మంచే చేస్తున్నాననుకున్నాను.

మునకలు 1,206 నుంచి 1,209

నాలుగు రోజులు, అక్కడక్కడా పన్నెండు దిమ్మలు. బతికున్న పగడం నూటికి ముప్పై ఒకటి.

రోజూ ఒకే పడవ పోతే కనిపెడతారని ఆడవాళ్లు పడవలు మార్చారు. మేకల్నీ మార్చారు. ఒకరోజు నా కడియం కట్టిన మేక పోస్టాఫీసులోకి దూరింది. సాయంత్రం పోస్టుమాస్టరు దారిలో ఎదురై, "రికార్డులో మీరు రెండుసార్లు వచ్చినట్టుంది మేడం, ఏదైనా పనా?" అని అడిగాడు. మరిచిపోయానన్నాను.

అయిదో రోజు ఫారం నింపాను. స్థలం అన్న గడిలో ముసలమ్మ నడుం, అల్లుడి గొడుగు, గుడ్డివాడి కన్ను రాశాను. ఈ గడిలో అంకెలు మాత్రమే అంది యంత్రం. మళ్లీ రాశాను. మళ్లీ అదే అంది. దానికి కోపం రాదు, విసుగూ రాదు, వాదనలో మనిషి ఓడిపోయేది అక్కడే.

చట్టం తీసి చదివాను. మొదటినుంచి చివరిదాకా ఎప్పుడూ చదవలేదని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. 'తెలిసినవారు మళ్లీ కనుక్కోగలిగేటట్టు స్థలమును వర్ణింపవలెను' అని ఉంది. అంకెలన్న మాటే లేదు. అంకెలు ఫారం గీసినవాడి అలవాటు. ఇంకోచోట, రక్షణ ఎంతవరకో చెబుతూ 'పగడములున్న మేర' అని ఉంది. నలభై ఎనిమిది చోట్లు గుమాస్తాల సౌకర్యం కోసం తరవాత పెట్టుకున్నవి.

తెల్లకాగితం తీసుకుని చేత్తో రాశాను. నాలుగు శాతానికి సంతకం పెట్టను. పగడాలు చావలేదు, చోటు మారాయి. ఉన్న మేరకు లెక్క కట్టాలి. స్థలవర్ణన జతచేశాను. అనుమానం ఉన్నవారు వచ్చి కళ్లారా చూడవచ్చు.

రాసి, మడిచి, పంపేశాను.

మునక లేదు

వారిజకు నేనే చెప్పాను. గొట్టాన్ని దక్షిణంగా తిప్పవచ్చు, ఎనిమిది నెలలు ఎక్కువ పడుతుంది.

"ఎనిమిది నెలలు," అంది.

"అవును."

"నువ్వు వచ్చి మా మెట్లెక్కి బిందె మొయ్యి, ఎనిమిది నెలలు."

"మోస్తాను."

"మొయ్యవు అక్కా. నీకు వీలుండదు. నీకు వీలుండదని నీకూ తెలుసు."

తెలుసు. ఇది కూడా ఈ మునకల పుస్తకంలో ఉండాలని రాస్తున్నాను. నేను నిలబెట్టేదానికి మూల్యం నేను కట్టడం లేదు.

మునక 1,210
వేడి 29.8. చూపు మీటరు లోపు.

ప్రాంతీయాధికారి సుధీంద్ర స్వయంగా వచ్చారు. యూనివర్సిటీలో నాకు రెండేళ్లు సీనియరు. అప్పట్లో ఊపిరి బిగపట్టి నాకంటే లోతుకు దిగేవారు. నీళ్లలో దిగి పదకొండేళ్లయిందని దారిలోనే చెప్పుకున్నారు.

"హిమజా, చోటు చెప్పు. నేను అంకెలు వేసుకుంటాను, రహస్యంగా ఉంచుతాను."

"ఒడ్డున చెప్పకూడదండి."

"నీకూ ఆ నమ్మకాలున్నాయా?"

"నాకు జంటబండలు జ్ఞాపకమున్నాయి."

పైడితల్లి మేకను లాక్కొచ్చింది.

"బాబూ, తమరి కడియం దీనికిచ్చీయండి."

"మేకకా?"

"మరి నాకెందుకు బాబూ, నా సెయ్యి కాళీ నేదు."

"తప్పిపోతే?"

"మేక తప్పిపోదు బాబూ. దానికి దారి తెలుసు. తమరి సంగతే సూసుకోవాల."

ఆయన చాలాసేపు నిలబడ్డారు. చేతికున్నది తీస్తే ఆయన ఉద్యోగానికీ మచ్చే. నేను బతిమాలలేదు. చట్టం ప్రకారం సంతకం పెట్టేవాళ్లెవరైనా కళ్లారా చూడాలి. గుమాస్తా చేపకు కళ్లు లేవు, కెమెరాలున్నాయి. మనిషి రావాలి, వస్తే ఇలాగే రావాలి. చివరికి కడియం ఊడదీసి, మేక మెడకు స్వయంగా కట్టారు. ముడి సరిగా పడలేదు, పైడితల్లి మళ్లీ కట్టింది.

పడవలో రెండుసార్లు వాంతి చేసుకున్నారు. "అధికారి గారు సేపలకి మేతేస్తన్నారు," అని పైడితల్లి గట్టిగానే అంది. ఆయన నవ్వబోయి మూడోసారి చేసుకున్నారు.

నీళ్లలోకి దిగాక మాత్రం శరీరానికి పాతవి గుర్తొచ్చినట్టుంది. ఇరవై నిమిషాలు నా పక్కనే ఉన్నారు. దిమ్మకు ముఖం ఆనించి దీపం వేసి చూపించాను. ఆయన చెయ్యి చాచి, ముట్టుకోకుండా, అంగుళం దూరంలో ఆపి అలాగే ఉంచారు.

పైకి వచ్చాక టవల్ కప్పుకుని తల తుడుచుకున్నారు. తరవాత ఆఫీసు గొంతుతో మొదలుపెట్టారు.

"కొత్త చోటికి శాంపిల్ చెల్లదు. మొదటిసారి లెక్క ఒక్కొక్కటిగా కట్టాలి."

"ఒక్కొక్కటా?"

"నియమం. ఇంకొకటి. కడియాల సంగతి పైవాళ్లకు తెలిసింది. సంతకం నిరాకరించావు కూడా. నిన్ను తప్పించే ఉత్తర్వు నా సంచిలో ఉంది." నీళ్ల వైపు చూస్తూ అన్నారు. "చేతిలో ఉన్న లెక్క ముగిసిన రోజు నుంచి అమలవుతుంది. ఒక లెక్క నడుస్తుండగా ఇంకొకరు మొదలుపెట్టడానికి వీల్లేదు. లెక్క తేలేదాకా అక్కడ వేరే పనీ జరగకూడదు."

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు?"

"ఉత్తర్వు అందజేసేటప్పుడు చదివి వినిపించాలి," అన్నారు. "అదీ నియమమే."

కావాలని చెప్పారో, అలవాటుగా చదివారో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది ఆయనకు.

మునక 1,211

లెక్క మొదలుపెట్టాను.

అబద్ధపు లెక్క కాదు, సాగదీసిందీ కాదు. ప్రతి దిమ్మనూ, ప్రతి కాలినీ, కాలి కిందా పక్కనా, ఒక్కొక్క పగడాన్నీ. గోరంతవి కూడా. ఈ మురికిలో ఇంతకంటే వేగంగా ఎవరూ లెక్కపెట్టలేరు. కావాలంటే వచ్చి పెట్టమనండి.

చూపులేని నీళ్లలో రాసుకోవడం కుదరదు. పైడితల్లి ఉపాయం చెప్పింది. నా నడుముకు తాడు కట్టింది. ఒక పగడానికి ఒకసారి తాడు లాగాలి. పైన ఆవిడ కుండలో ఒక చింతపిక్క వేసి, విన్నానని ఒకసారి తిరిగి లాగుతుంది.

మొదటి దిమ్మకు ఒక ఉదయం పట్టింది. నూట నలభై మూడు.

"ఎన్ని దిమ్మలున్నాయి మేడమ్మా మొత్తం?"

"తెలీదు అప్పా. వేసినవాళ్లకే తెలీదు."

ఆవిడ కుండను ఊపి చూసింది. "అయితే సింతపిక్కలు సాలవు."

మునక 1,232

గడువు దాటి మూడు రోజులు. నా సంతకం కోసం పంపిన మనిషికి 'లెక్క నడుస్తున్నది' అని రాసిచ్చాను. నిజమే రాశాను. గొట్టం ముక్కలు ఒడ్డున దించి ఉంచారు. వాటి మీద ఎండ బాగా పడుతుందని ఆడవాళ్లు నెత్తళ్ల చేపలు ఆరబెట్టుకుంటున్నారు. కాపలావాడు మొదటిరోజు అరిచాడు. రెండోరోజు నంజుకోవడానికి తీసుకున్నాడు.

కడియం తీసినందుకు నా మీద మూడు నేరాలు. ఊళ్లో ఎనిమిది మంది ఆడవాళ్ల మీద ఒక్కొక్కటి. అప్పలకొండ మీద కూడా ఒకటి పడింది, ఆయన పడవే ఎక్కలేదు. అడిగితే, "అందరికీ వచ్చి నాకు రాకపోతే మరేదగా ఉండదని నానే తీసీసినాను," అన్నాడు.

మునక 1,268

ఈరోజు అరవై రెండో దిమ్మ. వేరే ఇద్దరు ఆడవాళ్లు దిగడం నేర్చుకున్నారు. నాకంటే బాగా లెక్కపెడుతున్నారు, వేళ్లతో తడిమి. కళ్లారా అన్న మాటకు వేళ్లు కూడా వస్తాయా అని నాకు సందేహం. వస్తాయనే రాసుకున్నాను.

వారిజ చాలా రోజులకు మాట్లాడింది. గొట్టాన్ని దక్షిణానికి తిప్పే పని మొదలైందట, ఇక్కడి లెక్క ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారని.

"సంతోషమా?" అని అడిగింది.

"నీకు?"

"మేం రెండు బిందెలతోనే ఉంటాం. రోజూ మెట్ల మీద నిన్ను తిట్టుకుంటాం. అది మాత్రం ఆపను."

"ఆపొద్దు."

అంతలోనే, "పాపకు చూపించడానికి ఒక బొమ్మ పంపు," అంది. ఇక్కడ ఫోటో తీస్తే గోధుమరంగు మసక తప్ప ఏమీ పడదని చెప్పాను. "అయితే అదే పంపు," అంది.

మునక 1,341
వేడి 26.9. చూపు మీటరు.

రెండు వందల ఆరు దిమ్మలు. ఇరవై ఏడు వేల నాలుగు వందల పద్దెనిమిది పగడాలు. చివరిదాని కింద పట్టిన పీతను కూడా పైడితల్లి లెక్కలో వెయ్యమంది, వెయ్యలేదు. లెక్క అయిపోయింది. సంతకం పెట్టిన రోజు నుంచి నేను ఈ నేలకు ఎవరినీ కాను. నూటికి ముప్పై పైనే తేలింది, రక్షణ నిలుస్తుంది. కానీ దక్షిణపు గొట్టం పూర్తి కావడానికి ఇంకా నాలుగు నెలల పైనే. నా తరవాత కూర్చునేవారు మొదట అడిగేది అంకెలే, లేవంటే ఈ లెక్కనే కొట్టేయవచ్చు.

సంతకానికి ముందు ఒకసారి చూసుకోవాలని మొదటి దిమ్మ దగ్గర దిగాను. వీడ్కోలుకే దిగానేమో, అబద్ధమెందుకు.

ముఖం ఆనించాను. నూట నలభై మూడు ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ కాంక్రీటు మీద ఇంకేవో చుక్కలున్నాయి. వండు అనుకుని వేలితో రుద్దాను. పోలేదు. దీపం దగ్గరకు తెచ్చాను. ఆవగింజంత, గుండ్రంగా, అంచు చుట్టూ వెంట్రుకలంత వేళ్లు. అయిదు నెలల కిందట ఇవి లేవు. ఒక్క కాలి మీదే పంతొమ్మిది.

పైకొచ్చి ముసుగు తీశాను. చట్టంలో 'సంతకము నాటికి సజీవముగా నున్నవి' అని ఉంది. ఇప్పుడు మొత్తం కంఠతా వచ్చు నాకు.

"అప్పా, ఇక్కడ కొత్తవి పుట్టాయి. మన లెక్క తప్పు."

పైడితల్లి నా ముఖం చూసింది. "ఎన్ని తప్పు?"

"తెలీదు. అన్ని దిమ్మలూ మళ్లీ చూడాలి."

"మొదట్నించా?"

"మొదట్నించే."

"అది అయ్యేసరికి ఇంకొన్ని పుట్టవేటి?"

"పుడతాయనే అనుకుంటున్నాను."

ఆవిడ కుండ ఎత్తి, ఉన్న చింతపిక్కలన్నీ సంచిలోకి వంచేసింది. ఖాళీ కుండను కాళ్ల మధ్య పెట్టుకుని, తాడు కొసను మణికట్టుకు చుట్టుకుంది.

"సీకటి పడేలోగా ఒక దిమ్మ అవుద్ది. ఎల్లు."

దిగాను. వంకాయరంగు పెంకు దగ్గర, అన్నిటికంటే చిన్నదాని మీద వేలు ఉంచి తాడు లాగాను. పైనుంచి తాడు బిగిసింది.

ఒకటి.